తిరుగు వేటు

మేస్త్రీ చేతిలో దయానందం మొదటిసారి చచ్చిపోయింది మార్చి నెల రెండో మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, వన్ టౌన్‌లో తన సొంత ఇంట్లో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. రెండోసారి తొమ్మిదీ ఇరవై ఒకటికి. పన్నెండు కొట్టేసరికి ముప్ఫై నాలుగుసార్లు చచ్చి, లేచి, చేతులు కడుక్కుని, చారన్నం తిని, మధ్యాహ్నం రెండింటి డ్యూటీకి హార్బర్‌కు వెళ్ళిపోయాడు. అన్నిసార్లు చచ్చినవాడు ఆ పూట సెలవు పెట్టినా ఎవరూ తప్పుపట్టరు. కాని దయానందం ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చెప్పాపెట్టకుండా మానేసిన మనిషి కాడు.

మేస్త్రీ అన్నది దయానందం పెట్టిన పేరే. ఆ వీడియో గేమ్ తయారుచేసినవాళ్ళు వాడికి మోర్వాక్ అని పేరు పెట్టుకున్నారు. బూడిద కప్పేసిన ఏదో రాజ్యంలో, కూలిపోయిన కోట గుమ్మం ముందు కాపలా ఉంటాడు. తొమ్మిది అడుగుల ఆకారం, మొహానికి ఇనప ముసుగు, చేతిలో తలుపు రెక్కంత గొడ్డలి. వాణ్ణి చంపితేగాని కోటలోకి దారి లేదు. లోపల ఏముందో, ఆ దారి ఎవరికి కావాలో దయానందం అడగలేదు. హార్బర్‌లో కూడా ఏ పెట్టెలో ఏముందో అడిగే అలవాటు ఆయనకు లేదు.

“ఆ నిలబడ్డం సూడు. నడుం మీద ఆ సెయ్యి సూడు. పని సెయ్యడు, సేసినోణ్ణి బతకనివ్వడు. అచ్చం మా గేంగు మేస్త్రీయే,” అన్నాడు మొదటి చావు తర్వాత.

“వీణ్ణి బాస్ అంటారు డాడీ,” అంది స్టెఫీ.

“నానూ అదే అంతన్నాను.”

స్టెఫీ ఆయన ఒక్కగానొక్క కూతురు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. ప్రాజెక్టు పేరు చెప్పి పగలంతా ఇంట్లోనే ఉంటోంది. గేమ్ ఆడే పెట్టెను తన సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. తండ్రి చేతిలో ఆ కంట్రోలర్ పెట్టింది సరదాకు కాదు. దాని మీద బొటనవేళ్ళతో కదిపే రెండు చిన్న పుల్లలున్నాయి. క్రేను కేబిన్‌లో కూడా ఉండేవి రెండే పిడులు, ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి. ఆ పిడులు పట్టుకుని పది నెలలైంది దయానందం. ఇంకో ఆరు వారాల్లో మళ్ళీ పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే ఇక జన్మలో పట్టుకోనివ్వరు.

దయానందానికి యాభై మూడేళ్ళు. అందులో సగం నేలకు ముప్ఫై మీటర్ల ఎత్తున, అద్దాల గదిలో గడిచింది. ఓడల్లోకి సరుకు ఎక్కించే, దించే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేను ఆపరేటరు. పొద్దున్నే నిచ్చెన ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగడు. టిఫిన్ డబ్బా తాడు మీద పైకి వెళ్ళేది. హెల్మెట్లు తప్పనిసరి కాని రోజుల్లో గేంగులో ఎవరికి బట్టతల వస్తున్నదో వాళ్ళ భార్యలకన్నా ముందు ఆయనకే తెలిసేది. క్రేను కొక్కేన్ని దించి, ఓడలు ఆగే ధక్కా మీద తెరిచిపెట్టిన అగ్గిపెట్టెను నలగకుండా మూసేవాడని ఒక కథ ఉంది. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు తప్ప హార్బర్‌లో అందరూ దాన్ని నమ్ముతారు.

అగ్గిపెట్టె మాట ఎలా ఉన్నా ఆయన పనితనం మాత్రం నిజం. క్రేను సంగతి తెలియనివాళ్ళు బరువు ఎత్తడమే కష్టమనుకుంటారు. ఎత్తడం మోటారు చేసే పని. ఆపడం మనిషి చేసే పని. తాళ్ళకు వేలాడుతున్న ఇరవై టన్నుల ఇనుము, పైన క్రేను ఆగిందని తను ఆగదు. వచ్చిన జోరుకు ముందుకు పోతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. పని తెలిసినవాడు ఏం చేస్తాడంటే, అది ముందుకు పోయి ఇక తిరగబోయే క్షణంలో క్రేను చేతిని కూడా ఒక్క పిసరు ముందుకు నడిపి సరిగ్గా దాని నెత్తి మీదికి తెస్తాడు. అప్పుడు తాళ్ళు నిటారుగా నిలుస్తాయి. బరువు వెనక్కి తిరగాలన్న సంగతే మరిచిపోతుంది. గేంగులో దీన్ని ఊపు పట్టడం అంటారు. ఆ పని దయానందం చేసినంత నున్నగా ఇంకొకరు చేయరని, ఆయనంటే గిట్టని వాళ్ళు కూడా ఒప్పుకుంటారు. గిట్టనివాళ్ళలో గేంగు మేస్త్రీ ముఖ్యుడు.

పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం, ఓడలోకి ఎక్కిస్తున్న ఇనప చువ్వల కట్ట తగిలి, కింద కొక్కేలు తగిలించే సూరన్న చనిపోయాడు. కంపెనీ ఎంక్వైరీ వేసింది. ముగ్గురు పెద్దమనుషులు మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీల రిపోర్టు రాశారు. సూరన్న దారికి అడ్డం వచ్చెను. సిగ్నల్ ఇచ్చు వరహాలు వాకీటాకీలో ‘ఆపు’ అని కేక వేసెను. ఆపరేటరు తక్షణమే ఆపెను. బరువు ఊగుటచే ప్రమాదము సంభవించెను. ఆపు అన్న మాట ఎవరు అన్నా ఆ క్షణాన ఆపాలన్నది హార్బర్‌లో మొదటి రూలు కాబట్టి ఆపరేటరు తప్పు లేదన్నారు. లేదనడంతో ఊరుకోక, రూలు పాటించినందుకు రెండు మెచ్చుకోలు మాటలు కూడా రాశారు. దయానందం ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో దుప్పట్ల అడుగున పెట్టాడు. భార్య పుష్పకుమారి తీసి ఫ్రేము కట్టిద్దామంటే మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ తర్వాత పైకి ఎక్కలేదు. వేళ్ళు పిడి మీద నిలవడం లేదన్నాడు. డాక్టరు విశ్రాంతి అన్నాడు, కంపెనీ గేటు డ్యూటీ అంది. లారీల పాసులు చూసి అడ్డకర్ర ఎత్తించడం పని. ఇంటి ముందు స్కూటర్ దుమ్ము పట్టింది. మొన్న ఫిబ్రవరిలో కొత్త ఉత్తర్వు వచ్చింది: ఆరు నెలలకు మించి పైకి ఎక్కనివాళ్ళు ఏప్రిల్‌లో సిమ్యులేటర్ మీద పరీక్ష ఇవ్వాలి. పాసైతే క్రేను. ఫెయిలైతే రిటైరయ్యేదాకా అడ్డకర్ర.

ఇదీ యుద్ధానికి కారణం.

యుద్ధం తీరు ఇలా ఉండేది. గుమ్మం దగ్గరికి దయానందం తరఫున ఒక వీరుడు వెళతాడు. ఆ వీరుడికి మొహం, ఒళ్ళు మనకు నచ్చినట్టు పెట్టుకోవచ్చంటే, దయానందం గంటసేపు శ్రమపడి మీసం, కొంచెం పొట్ట పెట్టించాడు. వీరుడు నాలుగడుగులు వేయగానే మేస్త్రీ గొడ్డలి ఎత్తుతాడు. కుడి నుంచి ఎడమకు ఒక వేటు. వీరుడు వంగి తప్పుకుంటాడు. అదే గొడ్డలి ఎడమ నుంచి కుడికి తిరిగి వస్తుంది. వీరుడు చస్తాడు. తెర నల్లబడి, నువ్వు చచ్చావని ఇంగ్లీషులో రాస్తుంది. చచ్చినవాడికి ఆ సంగతి మళ్ళీ రాతపూర్వకంగా తెలియజేయడం దయానందానికి ఆఫీసు పద్ధతిలా తోచింది.

స్టెఫీ ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏ దేశమో, మీసాలైనా రాని ఒకడు, తన వీరుడికి చొక్కా కూడా తొడక్కుండా చిన్న నిక్కరుతో పంపించి, మేస్త్రీని రెండు నిమిషాల లోపు కూల్చేశాడు.

“ఆడికి ఇంకేటి పని నేదా?” అన్నాడు దయానందం.

“నీకుందా?” అంది స్టెఫీ.

పుష్పకుమారి ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. పొద్దున ఏడింటికి వెళ్ళిపోతుంది కాబట్టి ఈ యుద్ధం సంగతి ఆమెకు ఆదివారం దాకా తెలియలేదు. చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏవండీ, బైబిలు వాక్యం రాసిన పటం కింద ఈ దయ్యం ఏంటండీ?”

“దయ్యం కాదు, కాపలావోడు.”

“ఆ రక్తం ఏంటి మరి?”

“నాదే,” అన్నాడు దయానందం.

ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. తెరవంక చూడలేదు, మొగుడి చేతులవంక చూసింది. పది నెలల తర్వాత అవి దేన్నో గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. దయ్యం గురించి మళ్ళీ మాట్లాడలేదు.

చావులు నూటికి చేరేసరికి రోజూ ఒక ప్రేక్షకుడు కూడా వచ్చేవాడు. వరహాలు. రిపోర్టులో ఆపమని కేక వేసిన వరహాలే. దయానందం స్కూటర్ మానేశాక మధ్యాహ్నం డ్యూటీకి ఆయన్ని తన బండి మీద తీసుకుపోయేది అతనే. ఒంటిగంటన్నరకు రావలసినవాడు పదకొండింటికే వచ్చి, మంచం మీద మఠం వేసుకుని సలహాలు ఇచ్చేవాడు.

“బావా, లగెత్తీ! లగెత్తీ! అయ్యో, సచ్చీసినావు.”

“నువ్వు నోరు మూసుకుంటే బతికీవోణ్ణి.”

“నిన్న నోరు మూసుకునే కదా కూకున్నాను. నిన్నా సచ్చావు.”

పరీక్ష ఇంకో అయిదు రోజులుందనగా, గురువారం స్టెఫీ ఇద్దర్నీ మాట్లాడకుండా కూర్చోమంది. ఆ గేమ్ పెట్టె, ప్రతి చావుకు ముందు జరిగిన అరనిమిషాన్ని బొమ్మగా దాచిపెడుతుంది. వాటిలోంచి పన్నెండు చావులు వరసగా వేసి చూపించింది. పన్నెండుసార్లు గొడ్డలి వచ్చింది. పన్నెండుసార్లూ వీరుడు చక్కగా వంగి తప్పుకున్నాడు. ఆ తర్వాత పన్నెండుసార్లూ చేతులు కిందికి వేసి, బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

“చూశావా డాడీ? తప్పుకోవడం రాక కాదు. ఫస్ట్ దెబ్బకి బాగానే తప్పుకుంటున్నావు. తర్వాత అసలు ఏమీ చేయట్లేదు. అక్కడ లాగాలి, దూకాలి, ఏదో ఒకటి చేయాలి కదా. నీ వేళ్ళే చూశాను నేను. పుల్లలు వదిలేస్తున్నావ్, నీ భాషలో ఒగ్గేస్తన్నావ్.”

దయానందం కంట్రోలర్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. వరహాలు టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆ రోజు కూడా అంతే,” అన్నాడు దయానందం.

“ఏ రోజు డాడీ?”

“సూరన్న రోజు.”

“బావా, అదిప్పుడెందుకు? అయిపోనాది. పెద్దోళ్ళు రాసీసినారు. ఆపమన్నాను నాను, ఆపినావు నువ్వు.”

“నువ్వు ఆపమన్నావు వరాలూ. ఒగ్గీమన్లేదు.”

అప్పుడు చెప్పాడు. వాకీటాకీలో కేక వినపడగానే రెండు చేతులూ పిడులు వదిలేశాయి. వదిలేస్తే పిడులు వాటంతటవే నడిమికి వచ్చి క్రేను ఠక్కున ఆగుతుంది. రిపోర్టులో రాసిన తక్షణమే ఆపుట అదే. కట్ట ముందుకు ఊగింది. కింద సూరన్న వంగున్నాడు. అది అతని మీదుగా వెళ్ళిపోయింది. అయిపోయిందనుకుని సూరన్న లేచి నిలబడి, హెల్మెట్ సర్దుకుంటూ పైకి చూశాడు. కట్ట ముందుకు పోవడానికి, తిరగడానికి మధ్య రెండు క్షణాల వ్యవధి ఉంది. ఇరవై ఆరేళ్ళలో కొన్ని వేలసార్లు ఆ రెండు క్షణాల్లోనే దయానందం ఊపు పట్టాడు. ఆ ఒక్కసారి చేతులు గాలిలో ఉండిపోయాయి. ఆపమన్నారు, ఆపాను అని కూర్చుని, అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు. కట్ట తిరిగి వచ్చింది.

“ఎంక్వైరీలో చెప్పలేదా?” అంది స్టెఫీ మెల్లగా.

“అడగలేదమ్మా. ఆపావా అన్నారు. ఆపానన్నాను.”

వరహాలు మొహం తుడుచుకున్నాడు. “పట్టుంటే ఆగీదంటావా బావా? అంత బరువు? అంత జోరులో?”

“అదే తెలీదు. పట్టినా ఆగకపోయీదేమో.”

ఈ ‘ఏమో’ మీదే దయానందం పది నెలలుగా బతుకుతున్నాడు. అది ఆయన బీరువాలో దాచిన కాగితంకన్నా గట్టిది.

మర్నాటి నుంచి యుద్ధం మారింది. స్టెఫీ చెప్పిన కిటుకు ఒక్కటే: వెనక్కి తప్పుకోకు, మొదటి వేటుతో పాటే నువ్వూ లోపలికి వెళ్ళు. గొడ్డలి ఎటు పోతే అటు, దానితో పాటే. అది పోయి ఆగేచోట నువ్వు మేస్త్రీ భుజం వెనకాల ఉంటావు. అక్కడి నుంచి తిరిగి రావడానికి దానికి దారి ఉండదు. నిక్కరువాడు చేసింది అదే.

విన్నంత సేపూ దయానందానికి ఇది కొత్త విషయంగా అనిపించలేదు, ఊపు పట్టడమే అనిపించింది. అదే ఆయన్ను భయపెట్టింది. మొదట వేళ్ళు వినలేదు. శుక్రవారం పంతొమ్మిదిసార్లు చచ్చాడు, కాని చేతులు వదిలేసి కాదు, తొందరపడి. చావులో ఈ తేడా ఆయనకు, స్టెఫీకి తప్ప మేస్త్రీకి తెలియదు.

నూట తొంభై మూడోసారి శనివారం పదీ నలభైకి. గొడ్డలి లేచింది. దయానందం కుర్చీ అంచుకు వచ్చాడు. కళ్ళు సగం మూతపడ్డాయి. కేబిన్‌లో కూడా పని కుదిరినప్పుడు ఆయన అలాగే ఉండేవాడని వరహాలుకు తెలుసు. వేటుతో పాటే పొట్ట ఉన్న వీరుడు లోపలికి జారాడు. గొడ్డలి చివరికి పోయి తిరగబోయింది. బొటనవేలు ఒక్క పిసరు ముందుకు కదిలింది. గొడ్డలి అక్కడే, మేస్త్రీ భుజం మీద, ఊపు మరిచిపోయి ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది కసాయి పని, చెప్పుకోదగ్గది కాదు. మూడు నిమిషాల్లో మేస్త్రీ మోకాళ్ళ మీద కూలి బూడిదైపోయాడు.

స్టెఫీ కేకకు పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. వరహాలు లేచి మంచం మీదే రెండు గెంతులు వేశాడు. “సంపీసినావు బావా! సంపీసినావు!”

దయానందం కంట్రోలర్ బల్ల మీద పెట్టాడు. తెర మీద కోట తలుపులు మెల్లగా తెరుచుకుంటున్నాయి. ఆయన అటు చూడటం లేదు.

“అయితే ఆగీదే,” అన్నాడు.

వరహాలు గెంతడం మానేశాడు.

“కాదు డాడీ, ఇది గేమ్. ఇదీ అదీ ఒకటి కాదు,” అంది స్టెఫీ. 

“ఇరవై ఆరేళ్ళు సేసిన పని స్టెఫీ. సెయ్యి ఎలా ఎల్లాలో సేతికి గుర్తొచ్చీసింది. ఆ రోజు ఎల్లుంటే ఆగీదే.”

ఆ రాత్రి, సూరన్న ఇంట్లో ఇది చెప్పొద్దని పుష్పకుమారి ఎంత చెప్పినా లాభం లేకపోయింది. మర్నాడు చర్చి అయ్యాక, తెల్ల చొక్కా మార్చుకోకుండానే పాత పోస్టాఫీసు దగ్గర బస్సెక్కి పెందుర్తి వెళ్ళాడు. సూరన్న పెళ్ళాం కాశమ్మ అక్కడ ఒక హాస్టల్లో వంట చేస్తూ, కాలనీ వెనక ఒక్క గది పోర్షన్లో ఉంటోంది. సూరన్న దయానందాన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి కాశమ్మకు ఆయన అన్నయ్య. సూరన్న పోయాక నెలకొకసారి వెళ్ళి కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, ఆమె పెట్టిన అన్నం తిని వచ్చేవాడు.

కాశమ్మ పంపు దగ్గర కూర్చుని నెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. “రా అన్నయ్యా. ఆ పీట ఏసుకుని కూకో.”

కూర్చుని చెప్పాడు. మొత్తం చెప్పాడు. మేస్త్రీ సంగతి మాత్రం చెప్పలేదు. బొమ్మల రాక్షసుణ్ణి చంపి ఈ నిజం తెలుసుకున్నానని ఏ మొహంతో చెబుతాడు? ఆమె చేపల తలలు తుంచుతూనే వింది.

“మా ఆయన వంగున్నాడా?”

“వంగున్నాడు. మీద నుంచి ఎల్లిపోనాది.”

“అయిపోనాదనుకుని లేచాడు.”

“అవునమ్మా.”

“నువ్వు పట్టుంటే తిరిగొచ్చీది కాదు.”

“వొచ్చీది కాదు.”

కాశమ్మ చేతులు ఆగాయి. చేపల నీళ్ళు మురికి కాలవలోకి పారబోసి, మళ్ళీ గిన్నె పట్టింది. పంపు సన్నగా వస్తోంది. గిన్నె నిండాక పంపు కట్టేసింది.

“ఇన్ని నెల్లూ నాను ఆ ఇనప కట్టని తిట్టుకున్నాను అన్నయ్యా. దానికి పేనం నేదు, సెవుల్నేవు. ఎంత తిట్టినా పాపం నేదు. పొద్దున్న లేచి తిట్టుకునీదాన్ని, పనిలోకి ఎల్లిపోయీదాన్ని. ఇప్పుడెవుణ్ణి తిట్టుకోమంటావు? నిన్నా? నా సేతి అన్నం తిన్నోడివి.”

దయానందం తల వంచుకున్నాడు.

“సెప్పీసినావు కదా. నీకేటైనా తేలికైనాదా?”

“నేదమ్మా.”

“మరి నాకెందుకు సెప్పావు?”

వచ్చేటప్పుడు బస్సులో గంట సేపు అనుకున్న మాటల్లో ఈ ప్రశ్నకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. లేచి పీట గోడకు ఆనించాడు. ఆమె కూడా లేచి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. అన్నం తిని వెళ్ళమని అనలేదు.

ఆ మంగళవారమే పరీక్ష. పొద్దున బండి మీద తీసుకువెళుతూ దారి పొడవునా వరహాలు ఒకటే పాఠం చెప్పాడు.

“బావా, ఇనుకో. ఆకర్లో ఆపమంటాడంట. మొన్న రాసినోళ్ళు సెప్పినారు. ఆపమనగానే ఒగ్గీ. ఒగ్గీసి మూడు లెక్కెట్టుకో. అంతే, పాసు. పైకెక్కినాక నీ సెయ్యి, నీ ఇష్టం. అక్కడెవుడూ సూడ్డు.”

“అలాగే.”

“అలాగే అంటే సాల్దు. ఒట్టెయ్యి.”

“ఒగ్గీత్తానన్నాను కదరా.”

అబద్ధం కాదు. కాశమ్మ మాటలు విన్నాక రెండు రాత్రులు ఆలోచించి దయానందం తేల్చుకున్నది ఒక్కటే: గేటు దగ్గర కూర్చుంటే పోయినవాడు రాడు, పైకి ఎక్కితే కింద ఉన్నవాళ్ళనైనా చూసుకోవచ్చు. అందుకు పాసవ్వాలి. పాసవ్వడానికి ఒక్కసారి వదిలెయ్యాలి. వదిలెయ్యడం తనకు బాగా వచ్చిన విద్యే.

సిమ్యులేటర్ ఒక పాత కంటైనర్‌లో ఉంది. లోపల ఏసీ, మూడు పెద్ద తెరలు, అసలు కేబిన్‌లో లాంటి కుర్చీ, రెండు పిడులు. పరీక్ష పెట్టేవాడు అశోక్ అనే కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, మాటకు ముందొక సార్, వెనకొక సార్.

దయానందం పిడుల మీద చేతులు వేశాడు. నిలిచాయి. నలభై నిమిషాలు బొమ్మ ఓడలోంచి బొమ్మ సరుకు దించాడు. ఒక్క బరువు కూడా చప్పుడు చేయలేదు. అశోక్ రాసుకోవడం మానేసి ఆయన వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

ఆఖరి కట్ట. తెర మీద ధక్కా, దాని మీద పచ్చ హెల్మెట్లు పెట్టుకున్న బొమ్మ మనుషులు. కట్ట సగం దారిలో ఉండగా వాళ్ళలో ఒకడు, అలా నడవమని ఎవరో రాసిపెట్టినట్టే, దారికి అడ్డంగా వచ్చాడు. స్పీకర్లోంచి కేక వచ్చింది: స్టాప్.

క్రేను ఆగింది. కట్ట ముందుకు ఊగింది. బొమ్మ మనిషి వంగున్నాడు. దయానందం వదిలేద్దామనుకున్నాడు. వదిలేశాననే అనుకున్నాడు. కట్ట చివరికి పోయి తిరగబోయింది. కుడి చేయి ఒక్క పిసరు ముందుకు వెళ్ళింది. తాళ్ళు నిటారుగా నిలిచాయి. కట్ట గాలిలో, గోడకు కొట్టిన పటంలా, కదలకుండా ఉండిపోయింది.

పక్కన ఇంకో తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

“సార్,” అన్నాడు అశోక్. తెర దగ్గరికి వెళ్ళి ఇంకోసారి చూశాడు. “స్టాప్ తర్వాత ఒకటిన్నర సెకను హ్యాండిల్ కదిలింది సార్. కంప్యూటరే ఫెయిల్ వేసేసింది. నేను మార్చడానికి లేదు. ఇలా పట్టడం నేను ఎక్కడా చూడలేదు సార్. కాని రూలు…”

“రూలు తప్పని అన్లేదు బాబూ. అందరికీ పట్టడం రాదు. రానోడు కదిపితే ఇంకో ఇద్దరు పోతారు. ఏసింది ఏసినట్టే రాసుకో.”

“సారీ సార్.”

“కింద ఆడికేటైనాది?”

“ఎవరికి సార్? ఆ బొమ్మకా? ఏం కాలేదు సార్.”

అశోక్ తెర ఆపబోయాడు. దయానందం చెయ్యి అడ్డం పెట్టి ఒక్క నిమిషం ఉండమన్నాడు. వంగున్న బొమ్మ మనిషి లేచి నిలబడ్డాడు. పైకి చూడలేదు, అలా చూడమని వాడికి ఎవరూ రాయలేదు. అటు తిరిగి, చేతులు ఊపుకుంటూ, ధక్కా మీద షెడ్డు వైపు నడుచుకుంటూ పోయి, తెర అంచు దాటి వెళ్ళిపోయాడు. దయానందం వాడు కనపడినంత మేరా చూసి, అశోక్ చూపించినచోట సంతకం పెట్టి దిగాడు.

బయట ఎండలో వరహాలు బండి మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం చూసి దిగాడు.

“ఏటైనాది బావా?”

“పోనాది.”

“ఒగ్గీమన్నాను కదా!”

“ఒగ్గీసినాననే అనుకున్నాను.”

వరహాలు ఏదో తిట్టబోయి, ఆయన చేతులవంక చూసి, బండి స్టార్ట్ చేశాడు. దయానందం వెనక కూర్చున్నాడు. గేటు దగ్గర లారీలు అప్పటికే లైను కట్టి ఉన్నాయి.